వ్యసనాలపై పరిశోధనకు తొలి గ్రాంటు

ప్రశ్న: మాది గిద్దలూరు. సైకియాట్రీలో ఎండీ చేశాను. మా వైపు మద్యం, పొగాకు వ్యసనాలపై పరిశోధన చేయాలని ఉంది. ఆర్థిక సాయం ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: ఆ ప్రాంతానికి మీ అవసరం చాలా ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో ఏర్పాటు చేసిన ఇండియా అలయన్స్ ఫెలోషిప్పులను ముందు చూడండి. వైద్యులకు, ప్రజారోగ్య పరిశోధకులకు అందులో వేరే విభాగం ఉంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చిన్న గ్రాంట్లు మరో దారి. ఏ గ్రాంటయినా వచ్చేది సంస్థ ద్వారానే, కాబట్టి ముందు ఏదో ఒక వైద్య కళాశాలలో చేరండి.

నన్నడిగితే డబ్బుకన్నా ముందు గురువును వెతుక్కోవాలి. బెంగళూరు నిమ్హాన్స్‌లోని వ్యసన వైద్య కేంద్రంలో గానీ, ఘజియాబాద్‌లోని ఎయిమ్స్ కేంద్రంలో గానీ కొంతకాలం శిక్షణ పొందండి.

పరిశోధన ప్రశ్న మాత్రం మీ నేలదే కావాలి. మార్కాపురం పలకల గనుల్లో దుమ్ము పీల్చే కార్మికుడి ఊపిరితిత్తులను బీడీ ఇంకెంత దెబ్బతీస్తోంది? పొగాకు పండించే పొదిలి, కనిగిరి రైతులు దాని వాడకం మానగలుగుతున్నారా? పక్క జిల్లా దూబగుంట మహిళలు తొంభైల మొదట్లో సారాపై తిరగబడ్డారు. ఆ ఇళ్లలో ఇప్పటి పరిస్థితి ఏమిటి?

బడ్జెట్‌లో ఊరూరా తిరిగే సర్వే సిబ్బంది జీతం, బస్సు ఖర్చులు తప్పక రాయండి.