గొంతు జాగ్రత్త నాన్నా

తణుకు,
ఆదివారం ఉదయం

చిరంజీవి వాసుకి పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

మొన్న సాయంత్రం నరేంద్ర సెంటర్లో మందులు కొనుక్కుని వస్తుంటే మీ నాన్న స్నేహితుడొకాయన ఆపి, "మీవాడు సినిమాలు మానేసి వచ్చేస్తున్నాడటగా, గొంతు పనికిరాదన్నారట" అన్నాడు. అంతమందిలో ఏం చెప్పను? "వస్తే మా ఇంటికే కదండీ వస్తాడు" అని వచ్చేశాను. ఇంటికొచ్చాక మీ అమ్మని అడిగితే నువ్వు ఫోన్లో రాసిన ముక్క చూపించింది. తనకి కళ్లనీళ్లు ఆగలేదు. దొడ్డమ్మ ఊరుకోబెట్టింది.

నీ కొత్త సినిమాలో నీకు ఉన్న నాలుగు సీన్లలోనూ మొహం నీది, మాట ఇంకెవరిదో. ఆ సంగతి నీకు ఎవరూ ముందు చెప్పలేదు. స్నేహితులందర్నీ వెంటేసుకుని హాలుకి వెళ్లి, అందరి మధ్యా కూచుని తెలుసుకున్నావు. చదువుతుంటే నా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. నీకెంత కష్టమనిపించిందో నేను ఊహించగలను నాన్నా. కనీసం ముందు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది, వాళ్లు చేసింది తప్పే.

ఇంటికి రావద్దని చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. ఇల్లు నీది. అర్ధరాత్రి దిగినా దొడ్డమ్మ లేచి అన్నం పెడుతుంది. కానీ ఈ కారణంతో మాత్రం రాకు. ఒకరన్న మాటకి ఒక విద్యని గూట్లో పెట్టేసిన మనుషులు మనింట్లో ఇప్పటికే ఉన్నారు, అంతే చెబుతాను.

రావు గోపాలరావు గారి సంగతి నీకు ఎవరైనా చెప్పారో లేదో. మీ తరానికి ఆయన రావు రమేష్ గారి నాన్నగారు. మా తరానికి ఆయన ఆయనే. 1937 సంక్రాంతి నాడు కాకినాడ దగ్గర గంగనపల్లిలో పుట్టారు. నాటకాలాడుతూ పేరు తెచ్చుకుని, 1966లో 'భక్త పోతన'తో సినిమాల్లోకొచ్చారు. తర్వాత 1969లో 'జగత్ కిలాడీలు' వచ్చింది. మంచి వేషం, మొహం తెర నిండా కనిపించే వేషం. అందులో ఆయన గొంతు వద్దనుకుని ఇంకొకరి చేత చెప్పించారు. సాక్షాత్తూ రావు గోపాలరావుకి! ఆ రోజు ఆయన హాల్లో ఎలా కూచున్నారో మనకి తెలీదు. పెట్టె సర్దుకుని మాత్రం కాకినాడ వెళ్లిపోలేదు.

ఇంకో ఆరేళ్లకి, 1975లో, 'ముత్యాల ముగ్గు' వచ్చింది. ముళ్లపూడి వెంకటరమణ గారు మాట రాశారు, బాపు గారు తీశారు. కెమెరా పట్టిన ఇషాన్ ఆర్యకి ఆ ఏడు జాతీయ బహుమతి కూడా వచ్చింది. అదంతా నిజమే, కానీ జనం నోట్లో నిలిచింది మాత్రం గోపాలరావు గారు వేసిన కంట్రాక్టరు మాట. అప్పటికి నేను నీకన్నా చిన్నవాణ్ణి. ఆ సినిమా మాటలు రికార్డులుగా వేసి అమ్మారు. టీ హోటళ్లలో పాటలు తీసేసి మాటల రికార్డు పెట్టేవారు, జనం గ్లాసులు పట్టుకుని నిలబడి వినేవారు. ఏ గొంతు వద్దన్నారో ఆ గొంతునే జనం డబ్బిచ్చి కొనుక్కున్నారు. అప్పటికి ఆయనకి ముప్ఫై ఎనిమిదేళ్లు. నీకు ఇరవై ఏడు.

ఆ వేషంలో ఒక్కసారి కూడా గొంతు చించుకోడు, గమనించావా? ఆ ఊళ్లో సగం తనదే అన్నట్టు తాపీగా మాట్లాడతాడు. మాటకీ మాటకీ మధ్య ఎంతసేపు ఆగాలో ఆయనకి తెలుసు. భయం పుట్టేది ఆ ఆగిన చోటే. ఈ వారంలో కూచుని ఆ సినిమా రెండుసార్లు చూడు. రెండోసారి కళ్లు మూసుకుని చూడు.

నేను చెప్పదలుచుకున్నది అసలు ఇదేరా. హీరోకి మొహం కావాలి, డాన్సు కావాలి, ఆ వ్యవహారం వేరు. క్యారెక్టర్ వేషాలు వేసేవాడికి ఉన్న ఆస్తి గొంతే. తండ్రిగా వేసినా, కరణంగా వేసినా, దొంగగా వేసినా, జనం నిన్ను ముందు చెవితోనే గుర్తుపడతారు. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు చెప్పారు పెద్దలు. నువ్వు జిమ్‌కి వెళ్లి ఆంగికం చూసుకుంటున్నావు, మంచిదే. ఆహార్యం వాళ్లే ఇస్తారు. సాత్త్వికం నీలో ఉంది, చిన్నప్పుడు మీ తాతయ్య పోయినప్పుడు నీ మొహం చూసినవాణ్ణి నేను. వాచికం మాటేమిటి? రోజుకి ఎంతసేపు సాధన చేస్తున్నావు? నిజం చెప్పు.

నీ పాత సినిమా ముక్క ఫోన్లో పెట్టుకుని చాలాసార్లు విన్నాను. ఒత్తులు తేలిపోతున్నాయి. 'ధ'కి 'ద' పడుతోంది, 'భ'కి 'బ' పడుతోంది. శ, ష, స మూడూ ఒకటే అయిపోతున్నాయి. 'ళ' అసలు లేదు. వాక్యం చివరికొచ్చేసరికి ఊపిరి అయిపోయి ఆఖరి మాట మింగేస్తున్నావు. తెలుగు వాక్యానికి క్రియ చివర్లో ఉంటుంది నాన్నా, ఆఖరి మాట మింగితే వాడు వచ్చాడో రాలేదో తెలీదు వినేవాడికి. నిన్ను కోప్పడుతున్నానని అనుకోకు. ఇవన్నీ పోయే జబ్బులే, ఆర్నెల్ల సాధనకి పోతాయి.

నాకు నాటకం నేర్పిన మాస్టారు మమ్మల్ని గోస్తనీ గట్టుకి తీసుకుపోయేవారు. ఒకణ్ణి ఈ గట్టున నిలబెట్టి, ఇంకొకణ్ణి అవతలి గట్టుకి పంపేవారు. చేతిలో ఆ రోజు పేపరు. ఇవతలివాడు చదవాలి, అవతలివాడు విని తిరిగి ఒప్పజెప్పాలి. అరిస్తే ఒప్పుకునేవారు కాదు. "గొంతుతో కాదురా, బొడ్డు దగ్గర్నించి తీసుకురా" అనేవారు. అప్పట్లో పంచదార ఫ్యాక్టరీ సీజన్లో చెరుకు బళ్లు వరసగా వెళుతుండేవి. ఎడ్ల మెడల్లో గంటలు, బళ్లవాళ్ల అదిలింపులు, చక్రాల చప్పుడు. వాటి మధ్య కూడా మాట స్పష్టంగా చేరాలి. ఒకసారి ఓ బళ్లాయన బండి ఆపేసి, మావాడు చదువుతున్న వార్త మొత్తం విని, "తర్వాతేమైందండీ?" అని అడిగాడు. ఆ రోజు మాస్టారి మొహం చూడాలి! మాకందరికీ పెసరట్లు పెట్టించారు. ఆయన మాత్రం తినలేదు, రాత్రి ప్రదర్శన ఉందిట. ప్రదర్శన ఉన్న రోజు నూనె ముట్టేవారు కాదు.

పద్యనాటకాలు ఆడే పాతకాలపు పెద్దలు తెల్లవార్లూ పాడేవారు. పీసపాటి నరసింహమూర్తి గారు కృష్ణుడుగా వస్తున్నారంటే చుట్టుపక్కల ఊళ్ల నించి సైకిళ్లు కదిలేవి. పద్యం ఎత్తుకుంటే పందిరి చివర చాపల మీద కూచున్న ముసలమ్మకి కూడా మాట మాటా విడివిడిగా వినపడేది. వన్స్‌మోర్ అంటే మళ్లీ పాడేవారు. ఆ గొంతులు ఎవరో ఇచ్చినవి కావు, పెంచుకున్నవి. విజయవాడ రేడియోలో రాత్రిపూట నాటకాలు వచ్చేవి. మొహం లేదు, వేషం లేదు, దీపాలు లేవు. చిలకమర్తి వారి గణపతి నాటకం వస్తుంటే మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, గణపతి పక్కనే కూచున్నట్టు వాణ్ణి తిట్టేది. మనిషిని కళ్లముందు నిలబెట్టడానికి గొంతొక్కటి సరిపోతుందని నాకప్పుడే తెలిసింది.

మొన్న మీ తమ్ముడు ఓ ఇంగ్లీషు సినిమా పెట్టి నాకు చూపించాడు. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' అట. అందులో నల్ల ముసుగు తొడుక్కున్న దుర్మార్గుడు ఉన్నాడు కదా, ఆ ముసుగులో ఉన్నది డేవిడ్ ప్రౌజ్ అని ఇంగ్లండులో బ్రిస్టల్ ఊరి మనిషి, బరువులెత్తే వస్తాదు. షూటింగులో మాటలన్నీ ఆయనే చెప్పాడు. ఆయనది తన ప్రాంతపు యాస. తీరా సినిమా వచ్చేసరికి ఆ నోట అమెరికా నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్ గొంతు వినపడింది. 1983లో మూడో సినిమా ఆఖర్న ముసుగు తీస్తే లోపల మొహం ఇంకో నటుడిది! ఒళ్లు ఒకరిది, గొంతు ఒకరిది, మొహం ఒకరిది. వింటుంటే నువ్వు గుర్తొచ్చి నాకు అన్నం సయించలేదు.

కానీ ఇంకో సంగతి విను. ఆ గొంతిచ్చిన జోన్స్ ఉన్నాడే, ఆయనకి చిన్నప్పుడు నత్తి. ఏళ్ల తరబడి దాదాపు మూగవాడిలా ఉండిపోయాడట. బళ్లో ఓ మాస్టారు ఆయన చేత క్లాసులో పద్యం చదివించి ఆ నోరు విప్పించారు. ఎక్కడి అమెరికా, ఎక్కడి తణుకు! అక్కడి మాస్టారికీ మందు పద్యంలోనే దొరికింది. అందుకని నీకు పోతన భాగవతం పంపుతున్నాను, నా చిన్నప్పటి ప్రతి. అట్ట చిరిగింది, జాగ్రత్తగా పట్టుకో. పొద్దున్నే స్నానం చేసి గజేంద్రమోక్షం పైకి చదువు. అర్థం తర్వాత చూసుకోవచ్చు, ముందు నాలుక తిరగనీ.

మీ అసిస్టెంటు డైరెక్టరు నీది 'గోదావరి యాస' అన్నాడని రాశావు. దాన్ని పోగొట్టుకోకు. పక్కన మరో రెండు నేర్చుకో. కోట శ్రీనివాసరావు గారిది కృష్ణా జిల్లా కంకిపాడు, బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలాడిన మనిషి. 1985లో 'ప్రతిఘటన'లో కాశయ్యగా తెలంగాణ మాట మాట్లాడారు. జనం ఆయన అక్కడివాడే అనుకున్నారు. నువ్వుండేది హైదరాబాదులో. ఆటోలో ఎక్కినప్పుడు ఫోను జేబులో పెట్టి ఆ అబ్బాయితో మాట్లాడు. మాట ఎక్కడ లేపుతున్నాడో, ఎక్కడ దించుతున్నాడో విను. శ్రీకాకుళం కుర్రాడు నీ గదిలోనే ఉన్నాడు కదా, వాడికి ఓ పూట బిర్యానీ పెట్టించి వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడమను, నువ్వు పక్కన కూచో.

తిండి సంగతి. ఫ్రిజ్ నీళ్లు తాగకు. ఐస్‌క్రీములు మానేయి. ఏసీలో పడుకుంటే మెడకి తుండు చుట్టుకో. రాత్రి పదకొండు దాటాక స్నేహితులతో గట్టిగా కబుర్లు వద్దు. సిగరెట్టు ఊసే ఎత్తను, అలవాటు లేదని నాకు నమ్మకం. చెప్పాల్సిన మాటలు ఎక్కువున్న రోజు కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకో, మా నాటకాల వాళ్లందరి జేబుల్లోనూ ఉండేది. రాత్రి మిరియాల పాలు. ఆవకాయ వద్దనే చెబుదామనుకున్నాను, కానీ దొడ్డమ్మ వినలేదు. "పిల్లాడు అక్కడ ఏం తింటున్నాడో ఏమో" అని కారం తగ్గించి చిన్న జాడీ కట్టింది. మధ్యాహ్నం మాత్రమే వేసుకో, నెయ్యి బాగా కలుపుకో.

వయసు దాటిపోతోందని రాశావు, దాని గురించి ఎక్కువ రాయను. మన పక్కన తాడేపల్లిగూడెంలో హాలు కట్టించిన రేలంగి గారు 1935లోనే తెర మీద కనిపించారు. 'గుణసుందరి కథ' 1949లో వచ్చింది, అసలు రేలంగి ఎవరో జనానికి అప్పుడు తెలిసింది. మధ్యలో పద్నాలుగేళ్లు. పాలకొల్లు అల్లు రామలింగయ్య గారి మొదటి సినిమా 'పుట్టిల్లు' నాటికి ఆయనకి ముప్ఫై. ఎస్వీ రంగారావు గారి మొదటి సినిమా 'వరూధిని' వచ్చి పోయింది. ఆయన ఎక్కడో జంషెడ్‌పూర్ వెళ్లి టాటా వారి దగ్గర ఉద్యోగం చేసుకున్నారు. మళ్లీ పిలుపు వస్తే వచ్చారు. 1951లో 'పాతాళభైరవి'. నేపాళ మాంత్రికుడి మొహం మర్చిపోయినవాళ్లు కూడా ఆ గొంతు మర్చిపోలేదు. కావాలంటే నువ్వూ మధ్యలో ఉద్యోగం చేసుకో. అద్దె కట్టడానికి పనిచేస్తే తప్పేమీ కాదు, దాని గురించి మీ నాన్నతో నేను మాట్లాడతాను.

ఇక ముందు ఏదైనా వేషం ఒప్పుకునేటప్పుడు, మర్యాదగానే, కానీ ముందే అడుగు: "డబ్బింగు నేనే చెప్పుకుంటానండీ, ఓసారి పరీక్ష చేసి చూడండి" అని. కాదంటే కాదనీ. అడిగినవాడు ఒకడున్నాడని గుర్తుంటుంది. షూటింగు రోజున నీ మాటలు కాగితం మీద రాసుకుని, ఎక్కడ ఊపిరి తీసుకున్నావో గీత గీసి పెట్టుకో. నెలల తర్వాత చీకటి గదిలో మైకు ముందు నిలబెట్టి, తెర మీద నీ పెదాలకి నీ మాట కలపమన్నప్పుడు ఆ గీతలే నిన్ను కాపాడతాయి. ఇప్పుడు నీ వేషానికి మాట చెప్పినాయన ఎవరో కనుక్కుని వెళ్లి కలువు. కోపంతో వెళ్లకు. ఆయన ఏ మాట ఎలా పలికారో అడిగి తెలుసుకో. నీ మొహాన్ని అంతసేపు చూసి పనిచేసిన మనిషి, నీ గురించి నీకు చెప్పగలిగేవి ఆయన దగ్గర ఉంటాయి.

భాగవతం, ఆవకాయ, కరక్కాయలు అన్నీ ఒకే అట్టపెట్టెలో కట్టి మంగళవారం రాత్రి బస్సులో పంపుతున్నాను. బుధవారం పొద్దున్న కూకట్‌పల్లిలో తీసుకో, డ్రైవరు నంబరు మీ తమ్ముడు నీకు పంపుతాడు. అమ్మకి ఈ రోజే ఫోన్ చెయ్యి, రాయడం కాదు, మాట్లాడు. వచ్చే ఆదివారం తొమ్మిదింటికి నేను చేస్తాను. గజేంద్రమోక్షంలో మొదటి పది పద్యాలు చదివి వినిపించాలి, నిలబడి, కిటికీ తీసి.

దొడ్డమ్మ ఆశీస్సులు చెప్పమంది.

మీ పెదనాన్న