పనిబల్లకు ఏ పైపలక? మన్నికైన పదార్థం ఎంపిక – అవగాహన

నేపథ్యం

ఆలేరు పరిసరాలు రాతి నేలలు. గ్రానైట్ జాతి రాయి చేరువలోనే ఉంది, నేలకు పరిచే తాండూరు బండలూ సులువుగా దొరుకుతాయి. అందుకే వర్క్‌షాప్ పెట్టేవారికి ముందుగా తట్టేది బండే. అది అన్ని పనులకూ సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పగలిగితే ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థికి పదార్థ ధర్మాల పాఠం పట్టుబడినట్టే.

మూడు ధర్మాలు

- కాఠిన్యం: గీతను తట్టుకునే గుణం. మోస్ స్కేలుపై కాల్సైట్ 3, ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7.
- దృఢత్వం: దెబ్బలోని శక్తిని పగలకుండా ఇముడ్చుకునే గుణం.
- పెళుసుదనం: సాగకుండా, వంగకుండా ఒక్కసారిగా విరిగే గుణం.

కఠినమైనదంతా దృఢమైనది కాదు. గ్రానైట్‌పై ఆకురాయి గీత కూడా అంత సులువుగా పడదు, సుత్తి దెబ్బకు మాత్రం అంచు లేచిపోతుంది.

పదార్థాల తీరు

గ్రానైట్: నొక్కుడు బలాన్ని బాగా ఓర్చుకుంటుంది, లాగుడు బలాన్ని ఓర్చుకోలేదు. కింద ఊతం లేకుండా రెండు చివరలపైనే నిలిపిన పలక మధ్యలో బరువు పడితే అడుగు వైపు నుంచి చీలుతుంది. మంట కూడా దీనికి గిట్టదు. 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర క్వార్ట్జ్ స్ఫటిక రూపం మారి వ్యాకోచిస్తుంది, దాంతో రాయి పగుళ్లిస్తుంది. కొలతలకు, మార్కింగుకు వాడే సర్ఫేస్ ప్లేటుగా మాత్రం ఇది మేటి. తుప్పు పట్టదు. దెబ్బ తగిలితే గుంట పడుతుందే గాని పోత ఇనుములో లాగా అంచు పైకి లేవదు, అందువల్ల చుట్టూ ఉన్న సమతలం చెడదు.

తాండూరు బండ: ఇది సున్నపురాయి, ప్రధానంగా కాల్సియం కార్బొనేట్. ఆమ్లం పడితే కార్బన్ డయాక్సైడ్ నురగ వస్తుంది, పైభాగం కరిగిపోతుంది. బ్యాటరీలు విప్పే బల్లకు పనికిరాదు.

మెత్తని ఉక్కు పలక: సాంద్రత ఘనపు మీటరుకు 7,850 కిలోలు. వెల్డింగ్ నిప్పురవ్వలను, సుత్తి దెబ్బలను తట్టుకుంటుంది. విద్యుద్వాహకం కనుక కరెంటు ఉన్న సర్క్యూట్ల పనికి ప్రమాదకరం. నూనె పూత లేకపోతే తుప్పు పడుతుంది.

గట్టి కలప: దెబ్బను మింగుతుంది, పనిముట్టు అంచును చెడగొట్టదు, మాసిపోతే చిత్రిక పట్టి కొత్తగా చేసుకోవచ్చు. అయితే తేమను బట్టి నారకు అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. వేసవి ఎండలు, వానాకాలపు తేమ రెండూ చూసే చోట బోల్టుకు గుండ్రని రంధ్రం బదులు పొడవాటి గాడి ఇవ్వాలి.

ప్లైవుడ్: పొరల నారలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కనుక కదలిక తక్కువ. సాధారణ వాడకానికి ఐఎస్ 303, మెరైన్ ప్లైవుడ్‌కు ఐఎస్ 710 ప్రమాణాలు గుర్తుంచుకోవాలి.

స్థానిక ఉదాహరణ: పెంబర్తి

ఆలేరు నుంచి వరంగల్ దారిలో జనగామకు ముందు వచ్చే పెంబర్తి ఇత్తడి రేకు పనికి పేరుపొందింది. ఈ లోహ కళకు భౌగోళిక గుర్తింపు ఉంది. రేకుపై ఉబ్బెత్తు నగిషీ తేలాలంటే రేకు అడుగున ఉన్నది కొంత లొంగాలి. అందుకే ఈ పనికి లక్క ఆధారంగా ఉంటుంది. వేడికి మెత్తబడి రేకును అంటుకుంటుంది, చల్లారాక కదలకుండా పట్టి ఉంచుతుంది, ఉలి దెబ్బ పడిన చోట మాత్రం అణుగుతుంది. ఇదే రేకును గ్రానైట్‌పై పెట్టి కొడితే నగిషీ లోతుకు దిగదు, రేకు నలిగి పలుచబడుతుంది. ఇక్కడ పనికొచ్చేది లొంగే గుణమే.

పనిని బట్టి ఎంపిక

- ఫిట్టింగ్: మందపాటి కలప, రాపిడి చోట ఉక్కు రేకు
- వెల్డింగ్: ఉక్కు పలక, పక్కన కలప ఉండరాదు
- వడ్రంగం: గట్టి కలప
- ఎలక్ట్రికల్: కలప లేదా ప్లైవుడ్‌పై ఇన్సులేటింగ్ రబ్బరు చాప
- కొలతలు, మార్కింగ్: గ్రానైట్ సర్ఫేస్ ప్లేటు

అరిగే పైపొరను విడిగా బిగించడం మంచి పద్ధతి. పాడైనప్పుడు అదొక్కటే మార్చవచ్చు, కింది చట్రం అలాగే ఉంటుంది.

మాదిరి ప్రశ్నలు

1. చదరపు మీటరు, 6 మి.మీ. ఉక్కు పలక బరువెంత?
జ: 0.006 × 7,850 = 47.1 కిలోలు. 18 మి.మీ. గ్రానైట్ కూడా దాదాపు ఇంతే తూగుతుంది (సాంద్రత 2,650గా తీసుకుంటే 47.7). చట్రం ఈ బరువును మోసేలా ఉండాలి.

2. బ్యాటరీ బల్లకు సున్నపురాయి ఎందుకు తగదు?
జ: సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కాల్సియం కార్బొనేట్ చర్య జరుపుతుంది కనుక.

3. క్వార్ట్జ్ ఉన్న గ్రానైట్ కఠినమైనదే అయినా సుత్తి పనికి ఎందుకు వాడరు?
జ: కాఠిన్యం ఎక్కువ, దృఢత్వం తక్కువ. అంటే పెళుసు.