ఇంజిన్ మార్చారు సరే, స్టీరింగ్ సంగతి చూశారా?

పాత జీపుకు కొత్త ఇంజిన్ వేయించుకున్నవాళ్లు మొదటి వారమంతా పికప్ గురించే చెబుతారు. ఎత్తు ఎక్కుతోందంటారు, లోడు లాగుతోందంటారు. తర్వాత మెల్లగా భుజాల నొప్పి సంగతి బయటికొస్తుంది. సందులో బండి తిప్పాలంటే రెండు చేతులూ చాలవు. వాన పడ్డాక నల్లరేగడిలో చక్రం దిగితే స్టీరింగ్ కదలనే కదలదు. ఇంజిన్‌లో లోపమేమీ లేదు. బలం పెరిగింది, ఆ బలాన్ని తిప్పే ఏర్పాటు మాత్రం పాతదే మిగిలింది.

కల్హేర్, నారాయణఖేడ్ పిల్లలకు ఈ మాట జీపు భాషలోనే చెప్పాలనిపిస్తుంది. జీపు మనకు పరాయిది కాదు. బస్సు సరిగా అందని ఊళ్లకు ఒకప్పుడు కమాండర్ జీపులే దిక్కు. ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు తయారైన జహీరాబాద్ మన సంగారెడ్డి జిల్లాలోదే. ఇవాళ అక్కడ మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి. బండి గురించి మాట్లాడితే ఇక్కడ అర్థం కాని ఇల్లు ఉండదు.

లెక్క చూడండి. 1941 నాటి విల్లీస్ జీపు ఇంజిన్ 60 హార్స్‌పవర్. బండి బరువు టన్నుకు కొంచెం ఎక్కువ. టైర్లు 6.00-16, సన్నవి. ఆ బరువుకు, ఆ టైరుకు, ఒక సైనికుడి చేతి సత్తువకు సరిపోయేలా దాని స్టీరింగ్ బాక్స్ తయారైంది. ఇప్పుడు అదే వంశపు బండిలో పెట్రోలు ఇంజిన్ తీసేసి బొలెరో 2,523 సి.సి. డీజిల్ ఇంజిన్ వేస్తున్నారు. అదనపు బరువు ఎక్కువగా ముందు యాక్సిల్ మీద పడుతుంది. దానికి తోడు చూడ్డానికి బాగుంటుందని వెడల్పు టైర్లు. ఒక్కో మార్పూ విడిగా చూస్తే మంచిదే. అన్నీ కలిసి స్టీరింగ్ మీద కూర్చుంటాయి.

మనుషుల్లోనూ ఇదే జరుగుతోంది. డిగ్రీ చేతికొస్తుంది, హైదరాబాద్‌లో ఉద్యోగం దొరుకుతుంది, ఫైనాన్స్ మీద జేసీబీ ఇంటికొస్తుంది. సత్తువ నిజంగానే పెరిగింది. కానీ ఖర్చు రాసుకునే అలవాటు, కోపం వచ్చినప్పుడు ఆగే అలవాటు, పెద్దల ముందు కాదని మర్యాదగా చెప్పే నేర్పు ఇంటర్ చదివిననాటి దగ్గరే ఆగిపోయాయి. జేసీబీ కొన్న కుర్రాడు పని దొరకక కాదు, గంటల లెక్క, డీజిల్ లెక్క, కిస్తీ లెక్క విడివిడిగా రాసుకోక బండి పోగొట్టుకోవడం బాధాకరం. అంత కష్టపడేవాడికి ఆ గతి పట్టకూడదు.

మరేం చేయాలి? బరువెక్కిన జీపుకు పవర్ స్టీరింగ్ బిగిస్తారు. అది ఎలా పనిచేస్తుందో చూస్తే దారి కనిపిస్తుంది. దాన్ని నడిపే ఆయిల్ పంపుకు శక్తి బయటి నుంచి రాదు. ఇంజిన్ ముందున్న పుల్లీకి బెల్టు వేసి, అదే ఇంజిన్ బలంలో చిన్న వాటా తీసుకుని ఆయిల్‌ను ఒత్తిడితో స్టీరింగ్ బాక్స్‌కు పంపుతారు. ఏ బలం వల్ల బండి మొండికేసిందో, ఆ బలంలోంచే కొంత తీసి చేతికి సాయంగా ఇస్తారు. మీకు కొత్తగా వచ్చిన జీతంలో, తీరికలో, పరిచయాల్లో కొంత భాగాన్ని ఇలాగే మళ్లించండి. మొదటి నెలల జీతంలోంచి ఒక కోర్సుకు కట్టండి. కొత్తగా పంచాయతీ కార్యదర్శిగా చేరిన అమ్మాయి వారానికి ఒక సాయంత్రం సీనియర్ దగ్గర కూర్చుని ఫైలు నడిపే పద్ధతి నేర్చుకుంటే, ఆ పదవి ఆమె చేతిలో తేలికగా తిరుగుతుంది.

ఆ స్టీరింగ్ బాక్స్ లోపల నాకెంతో ఇష్టమైన భాగం ఒకటుంది. సన్నని ఉక్కు కడ్డీ. మీరు స్టీరింగ్ తిప్పగానే అది కొద్దిగా మెలి తిరుగుతుంది. ఆ మెలికతో వాల్వు తెరుచుకుని ఆయిల్ పిస్టన్‌కు ఒక పక్కకు పరుగెత్తి చక్రాన్ని తోస్తుంది. కుడికి తిప్పితే కుడికి, ఎడమకు తిప్పితే ఎడమకు. చెయ్యి ఆగిందా, సాయమూ ఆగుతుంది. పంపు తిరుగుతూనే ఉన్నా, ఎవరూ తిప్పకపోతే ఆయిల్ ఏ పనీ చేయకుండా వెనక్కి డబ్బాలోకి చేరుతుంది. అంటే మొదటి మెలిక డ్రైవర్‌దే కావాలి. నాకు చెప్పేవాళ్లు లేరు, మా ఊళ్లో కోచింగ్ లేదు అని కూర్చున్నవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది. గ్రంథాలయంలో పుస్తకాలున్నాయి, బళ్లో మంచి సార్లున్నారు. మీరు వెళ్లి అడిగిన తర్వాతే వాళ్ల శక్తి మీవైపు తిరుగుతుంది. ఇంకో సంగతి: నడుస్తున్న బండిలో బెల్టు తెగితే ఈ స్టీరింగ్ బరువెక్కుతుంది తప్ప చక్రంతో దాని బంధం తెగిపోదు. చెయ్యి గట్టిగా ఉన్నవాడు బండిని పక్కకు తీసి ఆపగలడు. సాయం తీసుకోండి, చేతి సత్తువను మాత్రం పోగొట్టుకోవద్దు.

ఈ పరికరం పుట్టుకలోనూ ఒక మనిషి పట్టుదల ఉంది. అమెరికాలో పియర్స్-యారో కంపెనీ ట్రక్కుల విభాగంలో ఇంజినీరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ భారీ బండ్లను తిప్పడం ఎంత కష్టమో దగ్గరి నుంచి చూశాడు. ఉద్యోగం మానేసి సొంతంగా పనిచేసి 1926లో ఆయిల్‌తో నడిచే స్టీరింగ్‌ను కారులో బిగించి చూపించాడు. జనరల్ మోటార్స్ ఆసక్తి చూపింది కానీ, ఖర్చు ఎక్కువని 1934లో వదిలేసింది. అమ్మకానికి వచ్చిన కారులో పవర్ స్టీరింగ్ కనిపించింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌లో. మధ్యలో పాతికేళ్లు గడిచాయి.

ఇప్పుడు షెడ్డులో మంచి మెకానిక్ ఏం చేస్తాడో గమనించండి. కొత్త బాక్స్ జోలికి పోకముందు ముందు చక్రాలు జాకీ మీద లేపి ఊపి చూస్తాడు. టై రాడ్ చివర్లు అరిగాయా, కింగ్ పిన్ బేరింగులు వదులయ్యాయా, డ్రాగ్ లింక్‌లో ప్లే ఉందా అని. ఉన్న వదులు మీద పవర్ స్టీరింగ్ బిగిస్తే బండి బాగుపడదు, ఊగుడు దాగి ఉండి వేగంలో బయటపడుతుంది. మనలోని వదుళ్లూ ముందు చూసుకోవాలి. మాటిచ్చిన వేళకు వెళ్లకపోవడం, అప్పు సంగతి ఇంట్లో దాచడం, రాత్రి రెండింటిదాకా ఫోను. వీటి మీద ఎంత ఖరీదైన శిక్షణ బిగించినా నిలవదు. తర్వాత ఛాసిస్. పవర్ స్టీరింగ్ బాక్స్ తోపు ఎక్కువ కాబట్టి అది కూర్చునే చోట ఇనుప ప్లేటు వేసి బలం చేయకపోతే పాత ఛాసిస్ పగులుతుంది. మనిషికి ఆ ఛాసిస్ ఒళ్లు. నిద్ర, తిండి, రోజూ కాస్త నడక. ఇక్కడ పొదుపు చేయొద్దు.

బిగించాక ఆయిల్ పోసి, చక్రాలు గాల్లో ఉండగా స్టీరింగ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి నెమ్మదిగా తిప్పుతూ లోపలి గాలి బయటికి పంపుతారు. గాలి మిగిలితే పంపు ఏడుస్తుంది, ఆయిల్ నురగ కడుతుంది. కొత్త అలవాటుకూ ఆ కొన్ని వారాల గోల తప్పదు, దానికి భయపడి వదిలేయకండి. ఇంకో జాగ్రత్త: స్టీరింగ్‌ను పూర్తిగా చివరిదాకా తిప్పి అక్కడే పట్టుకుంటే ఒత్తిడి గరిష్ఠానికి చేరి ఆయిల్ కాగిపోతుంది. చివర తగలగానే కొద్దిగా వెనక్కి వదలాలి. ఇంట్లో గొడవైనా, ఆఫీసులో పట్టింపైనా ఇంతే. చివరి మాట అనేశాక అదే పట్టు మీద ఉండిపోకండి.

ఇక కాగితాల సంగతి. ఇంజిన్ మార్పు రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఎక్కాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇందుకోసమే ఉంది. రవాణా శాఖ అనుమతి లేకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కు వస్తుంది. మనిషి ఎంత గొప్పగా మారినా ఆ మార్పు నలుగురికీ తెలిసేలా, కాగితం మీద నిలిచేలా ఉండాలి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. గడిచిన ఏడాదిలో మీకు కొత్తగా చేరిన బలమేమిటో నోటుబుక్కులో రాయండి. దాని పక్కనే, ఆ బలాన్ని అదుపులో నడపడానికి ఎవరి దగ్గర ఏం నేర్చుకుంటున్నారో రాయండి. రెండో చోట ఏమీ లేకపోతే సోమవారం ఉదయమే ఒకరి దగ్గరికి వెళ్లి అడగండి.