ఎలుక తల మీది తీగ



మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చిన ఎలుకను ల్యాబ్‌లో తొలిసారి చూసేవాళ్ల కళ్లు కంప్యూటర్ తెర మీదికే పోతాయి. నాడీకణాల మెరుపులు కనిపించేది అక్కడే మరి. చేయి తిరిగినవాళ్లు మాత్రం ముందు ఎలుక తల నుంచి కంప్యూటర్‌కు సిగ్నల్ తెచ్చే తీగను చూస్తారు. తీగ లాగుతుంటే రికార్డయ్యేది స్వేచ్ఛగా తిరిగే ఎలుక మెదడు కాదు, కట్టేసిన ఎలుక మెదడు.

1971లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో జాన్ ఓకీఫ్, జొనాథన్ డోస్ట్రోవ్‌స్కీ ఎలుక మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగంలో చోటును గుర్తించే కణాలను కనిపెట్టగలిగారంటే, ఆ ఎలుక మెలకువగా చోటు మారుతూ తిరిగింది కాబట్టే. ఓకీఫ్‌కు 2014లో నోబెల్ తెచ్చిన పని అది.

అలా తిరగాల్సిన చిట్టెలుక బరువు సాధారణంగా 25, 30 గ్రాములే; తీగ చిన్న లాగుడు కూడా దానికి భారమే. అది ఒక మూలన ఒకే వైపు తిరుగుతూ ఉంటే మెలికలన్నీ తీగలో పేరుకుంటాయి. తీగ మొదట పొట్టిదవుతుంది, తర్వాత ఉచ్చులా చుట్టుకుని కిందికి జారుతుంది. పళ్లకు అందేది అప్పుడే. కొరికిందంటే ఆ రోజు పని పోయినట్టే. మెలిక పడకుండా ఎలుక తిరిగే పెట్టెకు పైన, తీగ కొసన కమ్యుటేటర్ బిగిస్తారు. అందులో తిరిగే భాగానికీ కదలని భాగానికీ మధ్య జారే వలయాల మీదుగా సిగ్నల్ నడుస్తుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. మోటారు లేని కమ్యుటేటర్‌ను తిప్పాల్సింది ఎలుకే, అదీ తీగతోనే. తీగ మందంగా ఉంటే తిప్పే బలం పైదాకా చేరుతుంది కానీ మెడ మీద భారం పడుతుంది. సన్నగా ఉంటే మెడకు హాయి, కానీ బలం పైకి చేరక తీగే మెలిపడుతుంది. సన్న తీగ కొన్నంత మాత్రాన పని అయిపోదు.

అందుకే మోటార్లు వచ్చాయి. జీబ్రా ఫించ్ పిట్ట చిట్టెలుక కన్నా తేలిక. దాని మెదడును వినడానికి మైకేల్ ఫీ, ఆంథొనీ లియొనార్డో 2001లో ప్రచురించిన కమ్యుటేటర్, తీగలో పుట్టే కాస్తంత మెలిని పసిగట్టి తనే తిరిగేది. 2024లో వచ్చిన ఓనిక్స్ రికార్డింగ్ వ్యవస్థకు ఆ మెలి కూడా అక్కర్లేదు: తల ఎటు తిరిగిందో తల మీది సెన్సరే చెబుతుంది, మోటారు అంతే తిరుగుతుంది. తీగ మందం 0.3 మిల్లీమీటర్లు. ఎత్తుపల్లాలు ఎక్కి దిగే చిట్టెలుకల నుంచి దాదాపు 7 గంటలు, నిద్ర పరిశీలనలో దాదాపు 55 గంటలు ఎడతెగకుండా రికార్డు చేశారు. సిగ్నల్‌ను తల మీదే పెంచి అంకెలుగా మార్చేయడం వల్లే తీగ ఇంత సన్నబడింది. మెదడులోకి దించే న్యూరోపిక్సెల్స్ ప్రోబ్ ఒకేసారి పంపే 384 ఛానెళ్లూ సన్నటి తీగల జంట మీదే వస్తాయి.

తీగ కదిలితే పుట్టే రొదను నాడీకణం మాటగా పొరబడకూడదు. ఎలుక ఒళ్లు నాక్కుంటున్నప్పుడు అన్ని ఛానెళ్లలోనూ ఒకే క్షణాన ఒకే ఆకారం లేస్తే అది కదలికే. కణం మెరుపు మిల్లీసెకను పాటు ఉంటుంది, పక్కపక్కనున్న కొద్ది ఛానెళ్లలోనే కనిపిస్తుంది. వీడియోను పక్కన పెట్టుకుని చూస్తే సందేహం తీరుతుంది.

తీగ పొడవును పెట్టె మధ్యలో కాదు, దూరపు మూలన కొలవాలి. ఎలుక అక్కడికి చేరినా తీగ బిగుసుకోకూడదు, మధ్యకు వచ్చినప్పుడు వీపు మీద పడకూడదు. వదులును గిలక మీద ఎదురు బరువు కట్టి లాగించవచ్చు. కానీ ఎలుక ఒక్కసారిగా ఉరికితే బరువు వెంటనే కదలదు, ఆ కుదుపు తలకే తగులుతుంది. చిన్న జంతువుకు మెత్తటి సాగే దారమే మేలు. తీగను, ఎలక్ట్రోడ్లను తల మీద పట్టి ఉంచే సిమెంటు దిబ్బకు విడిగా కట్టాలి. లాగుడు కనెక్టర్ పిన్నుల మీద పడితే అవి వంగిపోతాయి.

రికార్డింగుకు ముందు కొన్నాళ్లు ఉత్త తీగతో ఎలుకను అలవాటు చెయ్యి. తీగ ఉన్నప్పుడూ లేనప్పుడూ వీడియో తీసి, పరుగెత్తిన దూరాన్నీ కుడి ఎడమ మలుపులనూ లెక్కించు. తీగ తగిలించాక దూరం తగ్గితే పొడవునూ బరువునూ చూడాలి. మలుపులు ఒక వైపే తగ్గితే కమ్యుటేటర్ ఆ వైపు బిగుసుకుంటోందేమో విప్పి చూడాలి.