దినమునకొక మూర

గృహస్థుని కాలము ఉగాది నుండి ఉగాది వరకు మూడు పాయలుగా ప్రవహించును. మొదటిది పండుగలు, ఇవి పంచాంగమును బట్టి వచ్చును. రెండవది యాత్రలు, ఇవి చేతిలోని ధనమును, తీరికను బట్టి సాగును. మూడవది ఇంటి శుభాశుభములు. పురుడు, పెండ్లి, గృహప్రవేశము, మరణము. వీనిలో కొన్నింటికి మనము ముహూర్తము పెట్టుదుము. కొన్ని మనలను అడుగకయే గడప దాటి వచ్చును. ఈ మూడింటి నడుమ ప్రతిదినము జరుగవలసిన ఇష్టలింగార్చనమునకు ఏ స్థానము కలదు? కాయకమునకును, దాసోహమునకును ఎంత చోటు మిగులుచున్నది? ఈ పాఠమునందు విచారింపవలసిన విషయమిదియే.

శ్రీశైలమున ఒక రాత్రి

మహాశివరాత్రినాడు శ్రీశైలమున లింగోద్భవ సమయమునకు పాగాలంకరణము జరుగును. ఆలయ దీపములన్నియు ఆర్పివేయుదురు. ఆ చీకటిలో నేతకారుడొకడు దిగంబరుడై విమాన శిఖరమునెక్కి, అచ్చటి నుండి ముఖమండపముపై నున్న నందుల వరకు నూతన వస్త్రమును చుట్టును. వేలకొలది భక్తులు ఆ ఘడియ కొరకు ఊపిరి బిగబట్టి వేచియుందురు.

అయితే ఆ వస్త్రము ఆ రాత్రి పుట్టినది కాదు. చీరాల ప్రాంతపు దేవాంగులు దినమునకొక మూర చొప్పున సంవత్సరము పొడవునను నేసిన వస్త్రమది. భక్తులు చూచునది ఒక్క రాత్రి. మగ్గము చూచినది సంవత్సరమంతయు. పండుగ లేని దినములలో నేసిన మూరలే పండుగనాడు శిఖరమునకెక్కును. నేతకారుడు పదునొకండు మాసములు మగ్గమును మరచి, చివరి మాసమున త్వరపడినచో పాగా నందుల వరకు చేరదు. గృహస్థుని సంవత్సరమును గూడ ఈ కొలతతోనే కొలిచి చూడవలెను.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు బిజ్జలుని కొలువులో మంత్రియైయుండి బసవేశ్వరుడు బోధించినది ఈ నిత్యత్వమునే. లింగము శరీరముపైననే ఉండునపుడు దేవుని కొరకు ఒక దినమును, ఒక చోటును వేరుపరుప పనిలేదు. పని కాయకమైనపుడు అంగడియు, పొలమును, మగ్గమును పూజాస్థానములే. పంచుట దాసోహమైనపుడు ప్రతి భోజనమును పండుగయే. అట్లని పండుగలును, యాత్రలును వ్యర్థమని చెప్పరాదు. అవి నిత్యకృత్యమునకు బలము చేకూర్చినంత వరకు సార్థకములు. దానికి బదులుగా నిలిచినపుడు వ్యర్థములు.

ఒక కుటుంబపు సంవత్సరము

దీనిని ఉదాహరణతో పరిశీలింతము. జహీరాబాదు ప్రాంతమున చిన్న కిరాణా అంగడి నడుపుకొను గృహస్థుని ఊహింపుడు. ఇంట వృద్ధురాలగు తల్లి, భార్య, ఇరువురు కుమార్తెలు. పెద్దకుమార్తెకు వివాహమైనది; చిన్నది చదువుకొనుచున్నది.

ఉగాదికి ఆ కుటుంబము శ్రీశైలము వెళ్ళినది. ఆ దినములలో కన్నడ దేశమునుండి వచ్చు భక్తులతో క్షేత్రము నిండిపోవును. నల్లమల అడవిలో నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలనుల మీదుగా కాలినడకన వచ్చి కైలాసద్వారము చేరువారు వారిలో అనేకులు. దర్శనపు వరుస గంటలకొలది కదలలేదు. తల్లి నిలువలేక సత్రమునకు మరలి, అచ్చటనే కూర్చుండిపోయెను. సాయంకాలమున కుమారుడు చింతించుచు, "అమ్మా, ఇంత దూరము వచ్చియు స్వామిని చూడకపోతివి" అనెను. ఆమె, "చూడకపోవుటేమి నాయనా? తెల్లవారుజామున అరచేతిలో చూచితిని గదా" అని నవ్వెను. అతడు మాటాడలేదు. ప్రయాణపు తొందరలో ఆ ఉదయము తన లింగార్చనమును మానివేసిన సంగతి అతనికి అప్పుడు తోచినది.

వైశాఖ శుద్ధ తదియనాడు బసవజయంతి. ఆ కుటుంబము హుమ్నాబాదు మీదుగా బసవకల్యాణమునకు వెళ్ళివచ్చినది. 2012లో ఆవిష్కృతమైన 108 అడుగుల బసవేశ్వర విగ్రహమును పిల్ల తలయెత్తి చాలసేపు చూచినది. మరునాడు అంగడిలో తూకపు రాళ్ళు తుడుచుచు తండ్రి కుమార్తెతో, "అంత ఎత్తు విగ్రహమును చూచి వచ్చినవారి తూకము గురివింద గింజ యెత్తు తగ్గినను ఆ యాత్ర గంగపాలే తల్లీ" అనెను. శ్రీశైలమున తప్పిన మూరను అతడిచ్చట నేయసాగెను.

శ్రావణము: పురుడు

శ్రావణమున ఇంటియందు పురాణ పఠనము ఆరంభించిరి. పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో బసవపురాణమును రచింపగా, దానిని 1369లో భీమకవి కన్నడమునకు తెచ్చెను. రెండు భాషల సరిహద్దున నివసించువారికి ఆ గ్రంథము రెండు చేతుల ఆస్తి.

పఠనము నడుమ, పురిటికి వచ్చియున్న పెద్దకుమార్తె ఆడుశిశువును కన్నది. "ఇంట పురుడు వచ్చినది, పదిదినములు పురాణమాపుడు" అని ఇరుగుపొరుగువారు సలహా చెప్పిరి. గృహస్థుడు సందేహించెను. శాస్త్రము తెలియక కాదు. నలుగురు ఏమందురోయను భయమే అతనిని పట్టుకొన్నది. జననము, మరణము, రజస్సు, ఎంగిలి, జాతి అను ఐదు సూతకములును లింగధారికి లేవని వీరశైవము చెప్పుచున్నది. ఈ నియమము వ్రతములలో చిన్నదివలె కనిపించును గాని దీని వెనుక గొప్ప మానవత్వము కలదు. బిడ్డను కనిన తల్లి మైల కాదు. రజస్వలయైన స్త్రీ మైల కాదు. ఏ కులమున పుట్టినవాడును మైల కాడు. ఐదింటిలో ఒకదానిని ఒప్పుకొన్నచో తక్కిన నాలుగును ఆ తలుపునుండియే లోనికి వచ్చును.

"పురాణము చదువుడు. పసిదాని చెవిని మొదట పడు మాటలు అవియే కానిండు" అని వృద్ధురాలు నిర్ణయించెను. బాలెంత పడుకొన్న గదికి వినిపించునట్లు పీట జరిపి చదివిరి. పిమ్మట గురువు వచ్చి శిశువునకు లింగధారణము గావించెను. ఆడుశిశువైనను, మగశిశువైనను ఈ సంస్కారమున భేదము లేదు.

కార్తికము: గృహప్రవేశము

పాత ఇంటికి చేర్చి కట్టిన రెండు గదులకు కార్తికమున గృహప్రవేశము నిశ్చయించిరి. బంధువులందరిని పిలిచి ఘనముగా విందు చేయవలెనని గృహస్థుని కోరిక. దానికి అప్పు తప్పదు. చిన్నకుమార్తె కళాశాల రుసుము గడువును ఆ మాసముననే ఉన్నది. అప్పు పత్రముపై సంతకము చేయబోవు సమయమున భార్య అతనికి ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథను జ్ఞాపకము చేసెను.

ఆ దంపతులు కల్యాణమున, బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుకొని, వానితోనే వండి దాసోహము చేయుచుండిరి. ఒకనాడు మారయ్య నిత్యముకన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించిన ఆశ భక్తుల ఇంట చేరరాదని చెప్పి, అధికమైన దానిని ఎచ్చటిదచ్చటనే పోసి రమ్మని భర్తను పంపెను.

"ఆమె ఏరి తెచ్చిన గింజనే అధికమన్నది. మనము తేనున్నది ఇతరుల గింజ. పిల్ల చదువాపి పెట్టు విందు దాసోహమగునా? మీరే ఆలోచింపుడు" అని భార్య పలికెను. అప్పు పత్రము చింపివేసిరి. విందు చిన్నదైనది. ఆ గదులు కట్టిన తాపీపనివారును, కూలీలును జంగమయ్యతో, బంధువులతో ఒకే పంక్తిని కూర్చుండి భుజించిరి. కొందరు బంధువులు మొగము ముడుచుకొనిరి. రుసుము గడువులోపల చెల్లినది.

పుష్యము: లింగైక్యము

సంక్రాంతి దాటిన పిమ్మట వృద్ధురాలు మంచము పట్టెను. చేతులు వణకి లింగము నిలువకుండెడిది. చిన్నకుమార్తె ప్రతి ఉదయము అవ్వ అరచేతిక్రింద తన చేతినుంచి పట్టుకొనెడిది. ఒక ఉదయమున పూజ ముగిసిన పిమ్మట ఆమె కన్ను మూసెను. ఆసీనముద్రలో, ఇష్టలింగమును కరమునందుంచి, విభూతితో సమాధి గావించిరి.

ఇప్పుడు మరల ఇరుగుపొరుగు పలికెను: "ఏడు తిరుగువరకు మీకు పండుగలు లేవు, శివరాత్రియు చేయరాదు." శ్రావణమునవలె గృహస్థుడు సందేహింపలేదు. దుఃఖమును మైల అనుట మరణించినవారికిని, బ్రతికినవారికిని అన్యాయము. తల్లి లింగైక్యమైనదని నోట పలికి, ఆమె పోవుటచే ఇల్లు అపవిత్రమైనదని నడచుకొన్నచో ఆ రెండు మాటలలో ఒకటి అబద్ధము కావలెను. శివరాత్రికి ఇల్లు కడిగి పూజ జరిపిరి. ఆడంబరము లేదు, కన్నీరు కలదు. కన్నీరు పూజకు విఘ్నము కాదు.

ఈసారి శ్రీశైలము వెళ్ళుటకు ధనము లేదు. జాగరణము ముగిసిన తెల్లవారుజామున గృహస్థుడు లేచి చూడగా, అవ్వ కూర్చుండెడి చోట చిన్నకుమార్తె లింగమును చేతబట్టి ఒంటరిగా కూర్చుండియున్నది. ఎవరును ఆమెను లేపలేదు. దినమునకొక మూర చొప్పున వృద్ధురాలు నేసిన వస్త్రపు కొస ఆ పిల్ల చేతికి అందినది.

సాధకులు విచారింపవలసినవి

ఒకటి: గడచిన సంవత్సరమున చేసిన యాత్రలలో, మరలివచ్చిన పిమ్మట నిత్యార్చనమును దృఢపరచినవి ఎన్ని?

రెండు: ఇంటి శుభకార్యములకైన వ్యయములో స్వకాయకమున ఆర్జించినదెంత, అప్పు తెచ్చినదెంత? పంక్తిలో కూర్చుండినవారిలో ఆ కార్యమునకై శ్రమించినవారు ఉండిరా?

మూడు: ఐదు సూతకములలో నోట విడిచి, మనసున పట్టుకొన్నది ఏది?

నాలుగు: ఈ దినము, అనగా పండుగ కాని ఈ సామాన్య దినమున, నేయవలసిన మూర నేయబడినదా?

ఈ ప్రశ్నలకు సమాధానము ఉగాదినాడు పంచాంగ శ్రవణమున వినబడదు. ప్రతిరాత్రి అంగడి లెక్క వ్రాసికొనునట్లు, గృహస్థుడు తన లెక్కను తానే వ్రాసికొనవలెను.