శ్రీను ఎక్కడ ఉన్నాడు?

పోలీసులు ఒక మనిషిని తీసుకెళ్తారు. ఇంట్లో వాళ్లకు దిక్కు తోచదు. ఎక్కడికి తీసుకెళ్లారో తెలియదు. ఎందుకు తీసుకెళ్లారో తెలియదు. ఒకరు ఒకటి చెబుతారు. ఇంకొకరు ఇంకొకటి చెబుతారు. ఆ భయంలో డబ్బు పోతుంది. రోజులు పోతాయి.

కాని అరెస్టు నోటిమాటతో అయ్యే పని కాదు. దానికి రాత ఉండాలి. ఒక చోట కాదు, నాలుగైదు చోట్ల రాయాలి. అది చట్టం. ఆ రాత ఎక్కడ ఉంటుందో తెలిస్తే, మనిషి ఎక్కడ ఉన్నాడో తెలుస్తుంది. మల్లమ్మ కథ చదవండి.

రాత్రి 9 గంటలకు

మల్లమ్మ కూలి పని చేస్తుంది. కొడుకు శ్రీను ఆటో నడుపుతాడు. ఒక గురువారం రాత్రి వాళ్ల ఇంటి ముందు జీపు ఆగింది. ఇద్దరు పోలీసులు దిగారు. "స్టేషనుకు రా, మాట్లాడాలి" అన్నారు. శ్రీనును ఎక్కించుకుని వెళ్లారు. కాగితం ఏమీ ఇవ్వలేదు.

మల్లమ్మ గడియారం చూసింది. చదువు కేంద్రంలో రాసుకునే నోటు పుస్తకం తీసింది. "గురువారం రాత్రి 9 గంటలు. జీపు. ఇద్దరు పోలీసులు" అని రాసింది. జీపు నంబరులో చివరి రెండు అంకెలే కనబడ్డాయి. అవీ రాసింది.

తెల్లారింది. శ్రీను రాలేదు. ఫోను కలవలేదు. ఊళ్లో ఒకాయన వచ్చాడు. "స్టేషనులో నాకు తెలిసినవాళ్లు ఉన్నారు. అయిదు వేలు ఇవ్వు. ఎక్కడున్నాడో కనుక్కుంటా" అన్నాడు. మల్లమ్మ చెవి కమ్మలు తియ్యబోయింది.

అంతలో అక్క కూతురు సరోజ వచ్చింది. సరోజ పొదుపు సంఘం లెక్కలు రాస్తుంది.

"పిన్నీ, కమ్మలు తియ్యకు. ఆ సంగతి తెలుసుకోవడానికి డబ్బు అక్కర్లేదు. పోలీసులే రాసి పెట్టాలి. పద, పోయి చదువుదాం" అంది.

స్టేషను బోర్డు

ఇద్దరూ మండలం స్టేషనుకు వెళ్లారు. మల్లమ్మ కాళ్లు వణికాయి.

"లోపలికి రానిస్తారా?" అంది.

"ఎందుకు రానివ్వరు? మనం బోర్డు చూడడానికి వచ్చాం" అంది సరోజ.

2024 జూలై 1 నుంచి మన దేశంలో కొత్త చట్టం వచ్చింది. దాని పేరు భారతీయ నాగరిక సురక్షా సంహిత. పేరు పెద్దది. అందులో 37వ సెక్షను చెప్పే సంగతి మాత్రం తేలిక. ప్రతి స్టేషనులో ఒక పోలీసు అధికారి ఈ పని చూడాలి. ఆ అధికారి ఏ.ఎస్.ఐ. కంటే తక్కువ హోదాలో ఉండకూడదు. అరెస్టు అయినవాళ్ల పేరు, ఊరు, కేసు ఏమిటి అన్నది ఆయన రాసి ఉంచాలి. అది అందరికీ కనబడేలా పెట్టాలి. జిల్లా కేంద్రంలో కూడా అలాగే పెట్టాలి.

మల్లమ్మ ఆ బోర్డు చదివింది. శ్రీను పేరు లేదు.

"మావాళ్లు తేలేదమ్మా" అన్నాడు అక్కడి హెడ్ కానిస్టేబుల్.

"అయితే ఏ స్టేషనువాళ్లు తెచ్చారో కంట్రోలు రూములో అడుగుతాం సార్" అంది సరోజ.

కంట్రోలు రూము

ప్రతి జిల్లాకూ పోలీసు కంట్రోలు రూము ఉంటుంది. 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. దాన్ని డి.కె. బసు కేసు తీర్పు అంటారు. ఎవరినైనా అరెస్టు చేస్తే 12 గంటల లోపల కంట్రోలు రూముకు తెలపాలి అని ఆ తీర్పు చెప్పింది. అక్కడ కూడా బోర్డు మీద పెట్టాలని చెప్పింది.

సరోజ కంట్రోలు రూముకు ఫోను చేసింది.

"శ్రీను అనే పేరు మీద చాలామంది ఉంటారమ్మా. పూర్తి పేరు చెప్పండి. తండ్రి పేరు, ఊరు చెప్పండి" అన్నారు అటునుంచి.

మల్లమ్మ అన్నీ చెప్పింది. టౌను స్టేషనులో ఉన్నాడని తెలిసింది. చెప్పినవాళ్ల పేరు, చెప్పిన టైము సరోజ రాసుకుంది.

ఇద్దరూ బస్సు ఎక్కి టౌను స్టేషనుకు వెళ్లారు. అక్కడి బోర్డు మీద నాలుగు పేర్లు ఉన్నాయి. మల్లమ్మ వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివింది. మూడో పేరు దగ్గర వేలు ఆగింది. శ్రీ... ని... వా... సు. తండ్రి పేరు తన భర్తదే. ఊరు తన ఊరే. కేసు: పొలంలో మోటారు దొంగతనం.

మల్లమ్మ కళ్లు నిండాయి. "నా కొడుకు దొంగ కాదు" అంది.

"బోర్డు మీద పేరు ఉంటే దొంగ అని కాదు పిన్నీ. పోలీసులు పట్టుకున్నారు అని మాత్రమే. తప్పు చేశాడో లేదో కోర్టు చెప్పాలి" అంది సరోజ.

అరెస్టు మెమో

అరెస్టు చేసేటప్పుడు పోలీసులు ఒక కాగితం రాయాలి. దాన్ని అరెస్టు మెమో అంటారు. అందులో తారీఖు, టైము ఉండాలి. ఒక సాక్షి సంతకం ఉండాలి. ఆ సాక్షి ఇంటి మనిషి కావచ్చు. ఊళ్లో పెద్దమనిషి కావచ్చు. అరెస్టు అయిన మనిషి సంతకం కూడా ఉండాలి. ఎందుకు అరెస్టు చేస్తున్నారో ఆ మనిషికి చెప్పాలి. అతను కోరిన బంధువుకో స్నేహితుడికో కబురు పెట్టాలి. ఎవరికి కబురు పెట్టారో స్టేషను పుస్తకంలో రాయాలి.

"మెమో చూపించండి సార్" అని సరోజ అడిగింది. చూపించారు. అందులో అరెస్టు టైము "శుక్రవారం ఉదయం 6 గంటలు" అని ఉంది.

మల్లమ్మ మళ్లీ చదివింది. "ఇది తప్పు. గురువారం రాత్రి 9 గంటలకే తీసుకెళ్లారు. నేను రాసుకున్నాను" అంది.

"ఆ పుస్తకం భద్రంగా పెట్టు పిన్నీ. అది లాయరుకు చూపిద్దాం" అంది సరోజ.

ఎఫ్.ఐ.ఆర్.

కేసుకు మొదటి కాగితం ఎఫ్.ఐ.ఆర్. ఫిర్యాదు ఎవరు ఇచ్చారు, ఏ తేదీన ఇచ్చారు, ఏ సెక్షన్లు పెట్టారు అన్నది అందులో ఉంటుంది. దానికి ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు తప్పకుండా రాసుకోవాలి. తర్వాత కేసు గురించి ఎక్కడ అడిగినా ఆ నంబరే అడుగుతారు.

ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. నిందితుడి తరఫువాళ్లు అర్జీ పెట్టి, ఫీజు కట్టి తీసుకోవచ్చు. ఎఫ్.ఐ.ఆర్.ను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆడవాళ్ల మీద, పిల్లల మీద జరిగిన అత్యాచారం వంటి కేసులు మాత్రం అందులో పెట్టరు. ఫోనులో నెట్టు ఉంటే చదువుకున్న పిల్లల చేత వెతికించుకోవచ్చు.

కోర్టు ముందుకు

అరెస్టు చేసిన మనిషిని 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి. దారిలో పట్టే టైము ఇందులో కలపరు. సెలవు రోజు అయినా ఇది తప్పదు. మన రాజ్యాంగం 22వ అధికరణంలో ఈ మాట ఉంది.

సరోజ 15100 నంబరుకు ఫోను చేసింది. అది ఉచిత న్యాయ సహాయం నంబరు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పోలీసు కస్టడీలో ఉన్నవాళ్లకు లాయరును ఉచితంగా ఇస్తారు. వాళ్ల ఆదాయం ఎంత అని చూడరు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఈ పని చూస్తుంది.

సాయంత్రం శ్రీనును కోర్టుకు తెచ్చారు. లాయరు మల్లమ్మ నోటు పుస్తకం చూపించాడు. మేజిస్ట్రేటు గారు శ్రీనునే అడిగారు.

"నిన్ను ఎప్పుడు తీసుకెళ్లారు?"

"నిన్న రాత్రి 9 గంటలకు సార్."

ఆ మాట కోర్టు కాగితాల్లోకి ఎక్కింది. నాలుగు రోజుల తర్వాత శ్రీనుకు బెయిలు వచ్చింది. కేసు ఇంకా నడుస్తోంది. నిజం కోర్టులో తేలుతుంది.

కేసు కోర్టుకు వెళ్లాక ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో కూడా చూడొచ్చు. మనిషి పేరుతోనో, ఎఫ్.ఐ.ఆర్. నంబరుతోనో వెతకొచ్చు. వాయిదా ఎప్పుడో అందులో ఉంటుంది. రిమాండుకు పంపితే జైలు రిజిస్టరులో పేరు ఉంటుంది. ఏ జైలుకు పంపారో లాయరును అడగాలి.

ఎక్కడా పేరు లేకపోతే

కొన్నిసార్లు ఏ బోర్డు మీదా పేరు ఉండదు. "మా దగ్గర లేడు" అంటారు. అప్పుడు ఊరుకోకూడదు. జిల్లా ఎస్పీకి అర్జీ రాయాలి. ఎవరిని, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ నుంచి తీసుకెళ్లారో రాయాలి. చూసినవాళ్ల పేర్లు రాయాలి. ఒక నకలు దగ్గర ఉంచుకోవాలి. దాని మీద ముద్ర వేయించుకోవాలి.

న్యాయ సహాయం లాయరును కలవాలి. హైకోర్టులో హెబియస్ కార్పస్ అనే పిటిషను వేయవచ్చు. "ఆ మనిషిని తెచ్చి చూపించండి" అని కోర్టును అడగడమే హెబియస్ కార్పస్. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలో ఉంది. తెలంగాణ హైకోర్టు హైదరాబాదులో ఉంది.

ఇవి కూడా తెలుసుకోండి

నోటీసు వేరు, అరెస్టు వేరు. "ఫలానా రోజు వచ్చి జవాబు చెప్పు" అని నోటీసు ఇస్తే అది అరెస్టు కాదు. ఆ రోజు తప్పక వెళ్లాలి.

పొద్దుగూకిన తర్వాత, తెల్లవారక ముందు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. తప్పనిసరి అయితే మహిళా పోలీసు అధికారి రావాలి. ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి.

18 ఏళ్లు నిండని పిల్లలను లాకప్పులో పెట్టకూడదు. వాళ్ల పేర్లు బయట పెట్టకూడదు. అలాంటి పిల్లలను 24 గంటల్లో బాలల న్యాయ మండలి ముందుకు తీసుకెళ్లాలి. అందుకని పిల్లల పేర్ల కోసం బోర్డు చూడవద్దు. స్టేషనులో అడగాలి.

కొత్త మాటలు

మెమో: అరెస్టు చేసినట్టు రాసిన కాగితం
నిందితుడు: తప్పు చేశాడని ఫిర్యాదు ఉన్న మనిషి. తప్పు ఇంకా రుజువు కాలేదు
రిమాండు: కోర్టు చెప్పిన గడువు దాకా జైలులోనో పోలీసుల దగ్గరో ఉంచడం
బెయిలు: పూచీ మీద విడిచిపెట్టడం
నకలు: కాపీ

చెప్పండి

1. మల్లమ్మ కమ్మలు ఎందుకు తియ్యబోయింది? సరోజ ఎందుకు వద్దంది?
2. అరెస్టు సంగతి ఎక్కడెక్కడ రాసి ఉంటుంది?
3. మల్లమ్మ ఆ రాత్రి టైము రాసుకోకపోతే ఏమయ్యేది?
4. బోర్డు మీద పేరు ఉన్న మనిషి తప్పు చేసినట్టేనా?

రాయండి

మీ ఊరు ఏ పోలీసు స్టేషను కిందికి వస్తుంది? ఆ స్టేషను ఫోను నంబరు, జిల్లా కంట్రోలు రూము నంబరు, 15100 మీ పుస్తకం మొదటి పేజీలో రాయండి. ఈసారి ఆ వైపు వెళ్లినప్పుడు నలుగురు కలిసి వెళ్లండి. స్టేషను బోర్డు మీద ఏమి రాసి ఉందో చదివి రండి.