వాన వచ్చింది, డ్రోను దించు!

భట్టిప్రోలులో ఒక తల్లి ఉంది. ఆమె మహిళా సంఘంలో సభ్యురాలు. సంఘంలో 60 వేలు అప్పు తీసుకుంది. కొడుక్కి కెమెరా డ్రోను కొనిచ్చింది.

కొడుకు పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాడు. ఇప్పుడు పెళ్లివారు పై నుంచి తీసిన బొమ్మ కావాలంటున్నారు. పందిరి, ఊరేగింపు, పచ్చటి పొలాలు అన్నీ ఆకాశం నుంచి కనపడాలి. ఆ బొమ్మలకు డబ్బులు బాగానే వస్తాయి. నెల నెలా సంఘానికి వాయిదా కట్టడానికి సరిపోతుంది.

శ్రావణ మాసం వచ్చింది. పెళ్లిళ్లు వచ్చాయి. వానలూ వచ్చాయి.

ఆ రోజు ఊళ్లోనే పెళ్లి. ఊరేగింపు బయలుదేరింది. సన్నగా తుంపర మొదలైంది. పెళ్లికూతురి మేనమామ తొందర పెట్టాడు.

"ఏం అబ్బాయ్, డ్రోను ఎగరెయ్యవా? డబ్బులు ఇస్తున్నాం గదా!"

"ఆగరా, వాన పడతా ఉంది" అంది తల్లి.

"తుంపరే గదమ్మా. రెండు నిమిషాలు" అన్నాడు కొడుకు.

డ్రోను పైకి లేచింది. రెండు నిమిషాల్లో తుంపర జల్లయింది. కొడుకు గబగబా దించాడు. అప్పటికే అది తడిసి ముద్దయింది. కెమెరా అద్దం మీద చుక్కలు నిలిచాయి. తీసిన బొమ్మలన్నీ మసక మసక.

కొడుకు కంగారుపడ్డాడు. పని చేస్తుందో లేదో చూద్దామని మళ్లీ బటన్ నొక్కబోయాడు.

"నొక్కొద్దు!" అని అరిచింది తల్లి. "మిక్సీలో నీళ్లు పోతే స్విచ్ వేస్తామా? ముందు ప్లగ్గు పీకుతాం."

ఆమె అన్నది నిజం. డ్రోనుకు ప్లగ్గు ఉండదు. బ్యాటరీ ఉంటుంది. కాబట్టి ముందు బ్యాటరీ తీసెయ్యాలి. వాన నీటిలో దుమ్ము, లవణాలు కలుస్తాయి. అలాంటి నీటి గుండా కరెంటు పారుతుంది. వెళ్లకూడని దారిలో వెళ్తుంది. లోపలి సన్నటి తీగలు, పలకలు కాలిపోతాయి. బ్యాటరీ తీసేస్తే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

కొడుకు బ్యాటరీ తీశాడు. మెత్తటి గుడ్డతో అంతా తుడిచాడు. ఎండలో పెడదామా అనుకున్నాడు. పొయ్యి దగ్గర పెడదామా అనుకున్నాడు. రెండూ తప్పే. వేడికి ప్లాస్టిక్ వంగుతుంది. బ్యాటరీకైతే వేడి మరీ చెడ్డది. "బియ్యం డబ్బాలో పెడితే తడి లాగుతుందంట" అన్నారు పక్కింటివాళ్లు. అదీ వద్దు. బియ్యం లోపలి తడిని లాగలేదు. పైగా తవుడు దుమ్ము సందుల్లోకి పోతుంది.

ఫ్యాను గాలికి రెండు రోజులు పెట్టారు. మూడో రోజు వేరే పొడి బ్యాటరీ వేసి చూశారు. డ్రోను లేచింది. కానీ కెమెరా వణుకుతోంది. తెనాలి తీసుకెళ్లారు. బాగు చెయ్యడానికి 4,500 రూపాయలు అయింది. ఆ వారం ఇంకో పెళ్లి చేజారింది. ఆ నెల వాయిదా కోసం తల్లి చేబదులు తీసుకుంది. చాలా కంపెనీల గ్యారంటీలో నీళ్ల వల్ల జరిగిన నష్టం ఉండదు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

తెనాలి మెకానిక్కును తల్లి వదల్లేదు. వరసగా అడిగింది.

"ప్లాస్టిక్ కవరు చుట్టి ఎగరేస్తే?"

"వద్దమ్మా. డ్రోనుకు గాలి రంధ్రాలు ఉంటాయి. లోపలి వేడి అందులోంచే బయటికి పోవాలి. కవరు చుడితే ఉడికిపోద్ది. కవరు జారి రెక్కకు తగిలితే కూలిపోద్ది."

"మోటార్లు తడిస్తే ఏం కాదంటున్నాడు మావాడు?"

"మోటార్లు కొంత తడి ఓర్చుకుంటాయి. తర్వాత లోపల తుప్పు పట్టొచ్చు. అసలు భయం వాటిని నడిపే పలకలతో, బ్యాటరీతో, కెమెరాతో. కెమెరాను కదలకుండా పట్టుకునేవి చిటికెన వేలంత మోటార్లు. మీది చెడింది అక్కడే."

తల్లికి ఇంకో అనుమానం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. నీళ్లలో చిక్కుకున్నవారికి డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపారు. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. కొల్లూరు, భట్టిప్రోలు మండలాల లంకలు ఆ వరదను చూశాయి. ఆ సంగతి ఈ వైపు ఎవరూ మరిచిపోరు.

"మరి ఆ డ్రోన్లో?" అంది.

"అవి బరువులు మోసేవి. పెద్దవి. పొలాల్లో మందు కొట్టే డ్రోన్లు కూడా తడికి తట్టుకునేటట్టు చేస్తారు. పెళ్లి డ్రోను అట్టా కాదు" అన్నాడతను.

మందు కొట్టే డ్రోన్ల సంగతి తల్లి సంఘంలో విన్నది. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం నమో డ్రోన్ దీదీ పథకం ఆమోదించింది. 15 వేల మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలన్నది ఆ పథకం.

తడికి ఎంత తట్టుకుంటుందో తెలుసుకోవడం ఎట్లా? దానికి ఒక గుర్తు ఉంది. ఐ.పి. అని రాసి పక్కన రెండు అంకెలు వేస్తారు. మొదటి అంకె దుమ్ముకు. రెండో అంకె నీటికి. నీటి అంకె 4 ఉంటే చిందే నీళ్లకు తట్టుకుంటుంది. 5 ఉంటే గొట్టంతో కొట్టే నీటికి తట్టుకుంటుంది. 7 ఉంటే మీటరు లోతు మంచినీళ్లలో అరగంట ఉన్నా ఓర్చుకుంటుంది. అదీ వస్తువు కొత్తగా ఉన్నప్పుడే. ఉప్పునీటికి ఈ లెక్క పనికిరాదు. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు సముద్రం మీద ఎగరేసేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

తల్లి ఇంటికొచ్చి డ్రోను పెట్టె అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రావు. కానీ అంకెలు వచ్చు. కొడుకును పక్కన కూర్చోబెట్టి వెతికింది. ఐ.పి. గుర్తే లేదు. పెళ్లిళ్లలో వాడే చిన్న డ్రోన్లలో చాలావాటికి ఉండదు. అంటే వానకు అది పనికిరాదనే.

వాన పడకపోయినా జాగ్రత్త కావాలి. తడి గాలి కూడా నీరే. మబ్బులోకి, మంచులోకి పంపినా డ్రోను తడుస్తుంది. ఏసీ గదిలోంచి ఒక్కసారి బయటికి తెస్తే కెమెరా అద్దానికి చెమట పడుతుంది. ఐసు నీళ్ల గ్లాసుకు పట్టినట్టే. కాసేపు పెట్టెలోనే ఉంచి, తర్వాత తియ్యాలి. వాన ముందు ఈదురుగాలి వస్తుంది. ఎదురుగాలిలో బ్యాటరీ తొందరగా అయిపోతుంది. కాబట్టి మబ్బు పట్టినప్పుడు దూరం పంపకూడదు. ఉరుము వినపడితే ఇక ఎగరెయ్యనే కూడదు. బ్యాటరీ ఉబ్బితే దాన్ని వాడకూడదు. ఛార్జింగ్ పెట్టకూడదు. అది అంటుకుంటుంది.

తర్వాత ఇంకో పెళ్లి ఒప్పుకున్నారు. ఒప్పందం కాగితం మీద తల్లి తన చేత్తో ఒక మాట చేర్చింది. "వాన పడితే డ్రోను ఎగరెయ్యం. కింది నుంచి ఫొటోలు తీస్తాం." అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. పెళ్లివారు కాసేపు గొణిగారు. తర్వాత సంతకం పెట్టారు.

చదివి చెప్పండి

1. తడిసిన డ్రోనుకు ముందుగా ఏం తీసెయ్యాలి?
2. సంఘం అప్పు 60,000. నెలకు 2,500 అసలు కడితే ఎన్ని నెలల్లో తీరుతుంది?
3. మీ ఇంట్లో మిక్సీని తిరగేసి చూడండి. అడుగున రంధ్రాలు ఉన్నాయా? అవి ఎందుకో ఇంట్లోవాళ్లకు చెప్పండి.